బండి చెరి సగం, బాధ్యత చెరి పూర్తిగా: ఉమ్మడి బైకులో అసలు చిక్కు ఎక్కడ?

క్లుప్తంగా

ఇద్దరు కలిసి ఒక మోటార్‌సైకిల్ కొంటే ఒక్కొక్కరికి ధర సగమే పడుతుంది. నడిపే ఖర్చు మాత్రం ఎవరెంత తిరిగారన్న దాన్నిబట్టి మారుతుంది. ప్రమాదం జరిగితే వచ్చే బాధ్యతనైతే సగాలుగా కోయడం కుదరదు. స్నేహితుల మధ్య పేచీ సాధారణంగా అరుగుదల దగ్గర మొదలై, ఒకరు తప్పుకుంటానన్న రోజున ముదురుతుంది. భార్యాభర్తల విషయంలో డబ్బు కంటే కాగితం మీద పేరు ఎవరిది, తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది అన్నవే పెద్ద ప్రశ్నలు.

కలిసి కొనాలని ఎందుకు అనిపిస్తుంది

రోజుకు 2 గంటలు తిరిగే బండి మిగతా 22 గంటలూ నిలబడే ఉంటుంది. ఆ నిలబడ్డ బండికి కూడా ఇన్సూరెన్స్, పన్ను కడుతూనే ఉండాలి. దాని విలువ పడిపోతూనే ఉంటుంది. ఇంకొకరు తోడైతే ఈ భారం సగానికి తగ్గుతుందన్న లెక్క సహజంగానే వస్తుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో 1948లోనే సేఫాగే అనే సహకార సంఘం సభ్యులు కార్లను ఉమ్మడిగా వాడుకోవడం మొదలుపెట్టారు. విడిగా కారు కొనే స్తోమత లేనివాళ్లు కలిసి వేసిన అడుగు అది. చిన్న విమానాలను కూడా చాలా దేశాల్లో నలుగురైదుగురు కలిసి కొనుక్కుంటారు. వాళ్లలో ఒక లెక్క బాగా వాడుకలో ఉంది: నెలకు ఇంత అని అందరూ సమానంగా కట్టే చందా, ఎగిరిన గంటకు ఇంత అని విడి రుసుము, ఇంజన్ పనికి వచ్చే రోజు కోసం పక్కన పెట్టే నిధి. ఉమ్మడి బైకుకి కూడా ఈ మూడు పద్దులే కావాలి. ఇద్దరు స్నేహితులు బైకు కొనేటప్పుడు అంత లెక్క ఎవరూ రాసుకోరు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఇద్దరే ఉండటం వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. ముగ్గురుంటే ఇద్దరి మాట నెగ్గుతుంది. ఇద్దరిలో ఒకరు టైర్లు మార్చాలని, మరొకరు ఇంకో రెండు నెలలు లాగొచ్చని అంటే తేల్చేవాళ్లు ఉండరు. ఆలోగా అరిగిన టైర్లతోనే ఇద్దరూ తిరుగుతారు.

ఖాళీ గంటలన్నీ పనికొచ్చే గంటలు కావు

నిలబడ్డ 22 గంటల్లో చాలా భాగం రాత్రి. మిగిలినదాంట్లోనూ ఇద్దరికీ బండి కావాల్సిన సమయం ఒకటే కావచ్చు. ఉదయం పనికి వెళ్లే వేళ, సాయంత్రం తిరిగొచ్చే వేళ, సెలవు రోజు, వాతావరణం బాగున్న రోజు. సరదాగా దూరం వెళ్లడానికి కొన్న బైకయితే మరీనూ. ఇద్దరి సెలవులూ ఒకే రోజైతే ఆ బండి వారానికి ఒక్క రోజే ఉన్నట్టు లెక్క.

అందుకే కలిసి కొనే ముందు చూడాల్సింది బండి ఎంతసేపు ఖాళీగా ఉంటుందన్నది కాదు, ఇద్దరి అవసరాలూ ఎన్నిసార్లు ఒకే గంటలో పడతాయన్నది. ఒకరు పగలు, మరొకరు రాత్రి షిఫ్టు చేసేవాళ్లయితే ఏర్పాటు చక్కగా నడుస్తుంది. ఒకే ఆఫీసుకు ఒకే వేళకు వెళ్లేవాళ్లయితే ఒకరు వెనక కూర్చోవడానికి సిద్ధపడాలి. రెండూ కాకపోతే, ఒక కొత్త బండికి పెట్టే డబ్బుతో రెండు పాత బండ్లు కొనుక్కోవడమే చాలామందికి మేలు. ఈ మాట కొనే ఉత్సాహంలో గుర్తుకు రాదు.

‘నాది’ అన్న మాటలో నాలుగు విషయాలు

బండి నాది అన్నప్పుడు అందులో నాలుగు సంగతులు కలిసి ఉంటాయి. డబ్బు ఎవరు పెట్టారు, కాగితం మీద పేరు ఎవరిది, ఎవరు నడుపుతారు, ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలి. ఒక్కరే యజమాని అయితే నాలుగూ ఒకే మనిషి దగ్గర ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. ఇద్దరైతే అవి విడిపోతాయి. ఎలా విడిపోతాయన్నది దేశాన్నిబట్టి మారుతుంది.

బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ పత్రం మీద ఉండేది ‘రిజిస్టర్డ్ కీపర్’ పేరు, అంటే బండిని దగ్గర ఉంచుకుని వాడే మనిషి పేరు. అది యాజమాన్యానికి రుజువు కాదు. వివాదం వస్తే కొన్న రసీదు, డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లింది అన్నవే ఆధారాలవుతాయి. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం సాధారణంగా ఎవరి పేరున రిజిస్ట్రేషన్ ఉందో వాళ్లనే యజమానిగా చూస్తుంది. బండి అమ్మేసినా పేరు మార్పించకపోతే, ప్రమాద పరిహారం విషయంలో పాత పేరు ఉన్నవాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇద్దరి పేర్లూ యాజమాన్య పత్రం మీద రాయించుకోవచ్చు. ఆ రెండు పేర్ల మధ్య ఏ మాట ఉందన్నది అక్కడ కీలకం. ‘అండ్’ ఉంటే అమ్మడానికి ఇద్దరి సంతకాలూ కావాలి. ‘ఆర్’ ఉంటే ఒక్కరి సంతకం చాలు. ఆ చిన్న మాటను పట్టించుకోకపోతే సగం డబ్బు పెట్టిన మనిషికి తెలియకుండానే బండి చేతులు మారిపోవచ్చు.

పేరు రాయించుకుంటే హక్కుతో పాటు బాధ్యత కూడా వస్తుంది. జర్మనీ రహదారి చట్టం సెక్షన్ 7 ప్రకారం బండి వల్ల ఎవరికైనా హాని జరిగితే, తప్పు తనది కాకపోయినా బండిని ఉంచుకున్న మనిషి పరిహారానికి బాధ్యుడు. ఇటలీ సివిల్ కోడ్ 2054వ అధికరణం నడిపినవాళ్లతో పాటు యజమానిని కూడా బాధ్యుణ్ని చేస్తుంది. బండి తన ఇష్టానికి వ్యతిరేకంగా రోడ్డెక్కిందని నిరూపించుకుంటేనే తప్పించుకోవచ్చు. బ్రిటన్‌లో వేగం కెమెరాకు బండి చిక్కితే నోటీసు కీపర్‌కే వెళ్తుంది. ఆ సమయంలో నడిపింది ఎవరో చెప్పాల్సిన బాధ్యత ఆయనదే. చెప్పకపోవడం విడిగా మరో నేరం.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ‘నా వాటా సగమే కాబట్టి సగమే కడతాను’ అన్న మాట దెబ్బ తగిలిన మూడో మనిషి దగ్గర చెల్లదు. ఇద్దరూ బాధ్యులని తేలితే చాలా చోట్ల మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరనుంచైనా రాబట్టుకోవచ్చు. రుణమూ అంతే. ఇద్దరూ కలిసి సంతకం పెట్టిన అప్పులో ఒకరు వాయిదాలు మానేస్తే బ్యాంకు రెండోవారిని మొత్తం అడుగుతుంది. సగం బండికి సగమే అప్పు అన్న ఏర్పాటు ఆ ఇద్దరి మధ్య మాటే తప్ప, బ్యాంకుకు దానితో పనిలేదు.

ఇన్సూరెన్స్ ఎవరి పేరున, నడిపేది ఎవరు

ఇన్సూరెన్స్ కంపెనీ చూసేది బండిని మాత్రమే కాదు. దేశాన్నిబట్టి నడిపే మనిషి వయసు, అనుభవం, పాత ప్రమాదాల చరిత్ర కూడా ప్రీమియాన్ని నిర్ణయిస్తాయి. నడిపేవాళ్లను బట్టి ప్రీమియం ఉండే చోట్ల ఇద్దరిలో ఒకరు కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న కుర్రవాడైతే ప్రీమియం పెరుగుతుంది. దాన్ని తప్పించుకోవడానికి అనుభవం ఉన్నవాళ్లను ప్రధాన రైడర్‌గా చూపించి, నిజానికి బండి ఎక్కువగా కుర్రవాడే నడిపితే బ్రిటన్ లాంటి చోట్ల దాన్ని మోసంగా చూస్తారు. క్లెయిమ్ తిరస్కరించే హక్కు కంపెనీకి వస్తుంది. అప్పటిదాకా మిగిలిందనుకున్న డబ్బు ఒక్క ప్రమాదంతో ఎన్నో రెట్లు తిరిగి పోతుంది.

నో క్లెయిమ్ బోనస్ దగ్గర, అంటే క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు దగ్గర, ఇంకో చిక్కు. ఆ తగ్గింపు పాలసీదారుడి పేరున పెరుగుతుంది. బండి నడిపి కింద పడేసింది రెండోవారైనా, క్లెయిమ్ పెడితే పోయేది పాలసీదారుడి బోనసే. ఐదేళ్లు జాగ్రత్తగా నడిపి సంపాదించుకున్న తగ్గింపు ఇంకొకరి ఒక్క పొరపాటుకు ఖర్చయిపోతుంది. ఇటువైపు రెండోవారు ఎన్నేళ్లు జాగ్రత్తగా నడిపినా, విడిగా బండి కొనుక్కున్న రోజున వాళ్ల పేరున బోనస్ ఉండకపోవచ్చు. ఈ నష్టాన్ని ఇద్దరి మధ్య లెక్కలో ఎలా చూపాలో ముందే అనుకోకపోతే తర్వాత అడగడానికి నోరు రాదు.

ఒకరి పేరున బండి ఉండి, రెండోవారు తిరిగిన కిలోమీటరుకు ఇంత అని ఇచ్చే పద్ధతి చూడటానికి శుభ్రంగా ఉంటుంది. అయితే సొంత వాడకానికి తీసుకున్న చాలా పాలసీలు అద్దెకిచ్చిన బండిని కాపాడవు. ఖర్చు పంచుకోవడానికీ అద్దెకీ మధ్య గీత ఎక్కడుందో పాలసీ పత్రంలో చదివి, కంపెనీని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి.

సగం సగం లెక్క ఎందుకు తప్పుతుంది

ఒక ఊహా లెక్క చూద్దాం. బండి ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగింది. ఒకరు 9,000, మరొకరు 3,000. ఏడాది ఖర్చు మొత్తాన్ని 100 పాళ్లు అనుకుంటే, అందులో 40 పాళ్లు కదలకపోయినా పెట్టాల్సినవి: ఇన్సూరెన్స్, పన్ను, పార్కింగ్ లాంటివి. మిగతా 60 పాళ్లు తిరిగినందుకు అయ్యేవి: పెట్రోలు, టైర్లు, ఇంజన్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, చైన్ స్ప్రాకెట్. కదలని ఖర్చు చెరి 20. తిరిగే ఖర్చు కిలోమీటర్ల ప్రకారం 45, 15. మొత్తానికి ఒకరి వంతు 65, మరొకరిది 35. సగం సగం కట్టుకుంటే తక్కువ తిరిగిన మనిషి ఏటా 15 పాళ్లు ఎదుటివారి తిరుగుడుకు కడుతున్నట్టు. మొదటి ఏడాది ఇది కనిపించదు. టైర్లు మార్చిన రోజున కనిపిస్తుంది.

పెట్రోలు సంగతి తేలిక. తాళం ఇచ్చేటప్పుడు ట్యాంకు నింపి ఇవ్వాలన్న ఒక్క నియమంతో అయిపోతుంది. అరుగుదల అంత తేలిక కాదు. క్లచ్ సగం పట్టుకుని నడిపే అలవాటున్న మనిషి చేతిలో క్లచ్ ప్లేట్లు త్వరగా పోతాయి. అందరికంటే ముందు సిగ్నల్ దాటాలనే మనిషి వెనక టైరును త్వరగా అరగదీస్తాడు. ఇవి కిలోమీటర్ల రీడింగులో కనిపించవు. కొంత తేడాను వదులుకోవడమే మంచిది. అన్నిటికీ లెక్క కట్టబోతే స్నేహం మీద పడుతుంది.

అసలు ప్రమాదం ఎవరూ చేయని పనుల్లో ఉంది. చైన్‌కి ఎన్ని కిలోమీటర్లకోసారి ఆయిల్ వేయాలో ప్రతి బండి మాన్యువల్లోనూ ఉంటుంది. చాలా బండ్లకు అది 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య, వానలో తడిస్తే ఇంకా ముందే. ఇద్దరూ ఒక్కొక్కరు 400 కిలోమీటర్లే తిరిగామనుకుంటారు. చైన్‌కి మాత్రం 800 అయ్యాయి. టైర్లలో గాలి, బ్రేకు పట్టు, చైన్ వదులు, ఇవన్నీ రెండోవారు చూసే ఉంటారనుకుని ఇద్దరూ వదిలేసేవే. కారులో ఇలాంటి నిర్లక్ష్యం చాలాసార్లు ఖర్చుతో పోతుంది. రెండు చక్రాల బండిలో గాలి తగ్గిన ముందు టైరు మలుపులో మనిషిని కింద పడేస్తుంది. బండి సగం సొంతమైనా, పడిపోయే శరీరం పూర్తిగా ఒక్కరిదే.

కాలంతో పాడయ్యే వాటిదీ ఇదే కథ. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, బండి తిరగకపోయినా సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటారు. టైరు పక్కన ‘DOT’ అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర ఉండే నాలుగు అంకెలు అది తయారైన వారాన్నీ ఏడాదినీ చెబుతాయి. 2423 అంటే 2023లో 24వ వారం. ఈ పనులు కదలని ఖర్చు కిందకే వస్తాయి. తక్కువ తిరిగే మనిషి కూడా వీటిలో సగం కట్టడం న్యాయమే.

ఉమ్మడి అడవులు, చేపల వేట, సాగునీటి కాలువల మీద పరిశోధన చేసిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఉమ్మడి వనరు ఎప్పుడూ పాడవ్వాల్సిందేనన్న నమ్మకాన్ని ఆమె పరిశోధన సరిదిద్దింది. వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని, ఒకరినొకరు గమనించుకుంటూ, తప్పుకు మొదట చిన్న జరిమానాతో సరిపెట్టుకున్న చోట్ల ఉమ్మడి వనరులు తరాల పాటు నిలిచాయి. బైకు విషయానికొస్తే గమనించుకోవడమంటే తాళం చేతులు మారినప్పుడల్లా రీడింగు, తేదీ, ట్యాంకు, కొత్త గీతలేమైనా ఉంటే అవి ఫోన్లో ఒక ఫోటోతో పంపుకోవడమే. అనుమానంతో చేసే పనిలా అనిపించకూడదంటే మొదటి రోజు నుంచే చేయాలి. గొడవ తర్వాత మొదలుపెడితే అది నిఘాలాగే ఉంటుంది.

ఇద్దరి ఒంటికి ఒకే బండి

కారు సీటు ముందుకు జరుపుకుంటే సరిపోతుంది. బైకు అలా కాదు. సీటు ఎత్తు ఒకరికి కాళ్లు ఆనేలా ఉంటే ఇంకొకరికి మోకాళ్లు ముడుచుకుపోవచ్చు. 55 కిలోల మనిషికి సరిపెట్టిన వెనక షాక్ అబ్సార్బర్ మీద 90 కిలోల మనిషి కూర్చుంటే వెనక భాగం ఎక్కువగా దిగుతుంది, హెడ్‌లైట్ పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, హ్యాండిల్ తేలిపోయినట్టు అనిపిస్తుంది. రైడర్ కూర్చున్నప్పుడు సస్పెన్షన్ తన మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు దిగాలన్నది మెకానిక్‌లు పాటించే ఉజ్జాయింపు. చాలా బండ్లలో వెనక ప్రీలోడ్‌ను, అంటే స్ప్రింగ్ బిగింపును, మెట్లుగా మార్చుకోవచ్చు కాబట్టి, ఎవరికి ఎన్నో మెట్టో రాసిపెట్టుకుంటే మార్చడం పెద్ద పని కాదు. ఇద్దరి ఎత్తులోనూ బరువులోనూ మరీ తేడా ఉంటే ఇద్దరికీ సరిపడే బండి దొరకకపోవచ్చు.

హెల్మెట్ మాత్రం పంచుకోకూడదు. లోపలి నురుగు పొర గట్టి దెబ్బకు ఒకసారి నలిగితే మళ్లీ అంత బాగా కాపాడదు, ఆ నలుగుడు పైకి కనిపించదు. ఇంకొకరి చేతిలో దానికి ఏ దెబ్బ తగిలిందో తెలియదు. తల కొలత కూడా ఒకటి కాదు.

పడిపోయిన రోజు ఎవరు కట్టాలి

బైకు నిలబెట్టిన చోటే పడిపోగలదు. లివర్ విరుగుతుంది, అద్దం పగులుతుంది, ట్యాంకు సొట్టపోతుంది. నష్టం మూడు రకాలుగా ఉంటుందని ముందే అనుకోవడం వల్ల సగం వాదన తగ్గుతుంది. నడిపే మనిషి చేతిలో జరిగినది ఆ మనిషిదే, తప్పు ఎవరిదైనా సరే. ఇన్సూరెన్స్‌లో సొంతంగా భరించాల్సిన మొత్తం, పోయిన బోనస్ కూడా అందులోకే వస్తాయి. మామూలు అరుగుదల కిలోమీటర్ల లెక్కలోకి వస్తుంది. దొంగతనం, వరద, నిలబెట్టి ఉండగా పక్క బండి తగిలి పడిపోవడం లాంటివి ఇద్దరివీ. ‘తప్పు నాది కాదు’ అన్న వాదనను లెక్కలోకి రానివ్వకపోవడం కొంచెం కఠినంగా కనిపిస్తుంది. కానీ అక్కడ లేని రెండోవారికి ఆ సంగతి తేల్చుకునే దారి లేదు.

బండి పూర్తిగా పోతే ఇంకో నిజం ఎదురవుతుంది. కంపెనీ ఇచ్చేది సాధారణంగా ఆ రోజు విలువనో, పాలసీలో రాసుకున్న విలువనో. కొన్న ధర కాదు. అందులోనూ ముందు అప్పిచ్చిన బ్యాంకు తన బాకీ తీసుకుంటుంది. మిగిలింది పాలసీదారుడి ఖాతాలో పడుతుంది. సగం డబ్బు పెట్టిన రెండోవారి పేరు ఏ కాగితం మీదా లేకపోతే, అందులో తమ వాటా ఉందని చూపించడానికి ఇద్దరూ సంతకం పెట్టిన ఒక పేజీ ఒప్పందమే దిక్కు.

భార్యాభర్తల మధ్య లెక్క వేరు

ఒకే ఇంటి ఖర్చుతో నడిచే బండికి కిలోమీటర్ల లెక్క అక్కర్లేదు, ఎవరూ వేయరు కూడా. ఇక్కడ ప్రశ్నలు వేరు. పేరు ఒకరిదై, తాళం చెవి ఎప్పుడూ మరొకరి జేబులో ఉంటే, నడపని మనిషి మీద బాధ్యత మిగిలి, నడిపే మనిషికి స్వేచ్ఛ మిగులుతుంది. జరిమానా నోటీసు, పరిహారం కేసు, అప్పు వాయిదా పేరున్న మనిషి తలుపే తడతాయి. బండి ఎవరి పని మీద వెళ్తుందన్నది కూడా రోజూ ఎవరో ఒకరు అనుకున్నట్టే జరుగుతుంటే, కాగితం మీద సగం ఉన్నా లేనట్టే.

ఫ్రాన్స్, స్పెయిన్‌లోని చాలా ప్రాంతాల్లో, కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక సంపాదనతో కొన్న వస్తువు, వేరే ఒప్పందం లేకపోతే, పేరు ఎవరిదైనా ఉమ్మడి ఆస్తి కిందికే వస్తుంది. ఇంగ్లండ్‌లో పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఒకరి వస్తువులో ఇంకొకరికి సగం రాదు. విడాకుల సమయంలో కోర్టు పంచుతుంది. కాబట్టి ‘మనం ఒకటే కదా’ అన్న మాటకు చట్టంలో ఎంత బలం ఉందో దేశాన్నిబట్టి తెలుసుకోవాల్సిందే.

అన్నిటికంటే నిర్లక్ష్యమయ్యేది మరణం తర్వాతి సంగతి. పేరున్న మనిషి చనిపోతే మిగిలినవాళ్లు బండిని అమ్మాలన్నా, ఇన్సూరెన్స్ కొనసాగించాలన్నా వారసత్వపు కాగితాలు చూపాలి. పాత పాలసీ చెల్లుతుందో లేదో తేలకుండా బండి నడపడం ప్రమాదం. ఉమ్మడి పేర్లు రాయించుకునే చోట్ల కూడా రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో చనిపోయినవారి వాటా బతికున్న భాగస్వామికి నేరుగా చేరుతుంది. రెండోదాంట్లో ఆ వాటా వాళ్ల వారసులకు వెళ్తుంది. భార్యాభర్తలకు మొదటిది ఊరట. స్నేహితులకు తరచుగా రెండోదే న్యాయం, ఎందుకంటే ఒకరు పోతే ఆ డబ్బు వాళ్ల ఇంటికి చేరాలి. నామినీని పెట్టే అవకాశం ఉన్న చోట పెట్టడం, కాగితాలు ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలిసుండటం, అప్పు ఎంత మిగిలిందో ఇద్దరికీ తెలిసుండటం ఒక్క సాయంత్రంలో అయిపోయే పనులు.

తప్పుకునే దారి ముందే ఉండాలి

స్నేహితుల్లో ఒకరు ఊరు మారతారు, పెళ్లి చేసుకుంటారు, కారు కొనుక్కుంటారు. అప్పుడు బండి విలువ ఎంత? తప్పుకునే మనిషికి తాను పెట్టిన డబ్బు గుర్తుంటుంది. ఉండిపోయే మనిషికి ఈ రోజు పాత బండి ధర గుర్తుంటుంది. కొత్త బండి విలువ మొదటి ఏడాదిలోనే ఎక్కువగా పడుతుంది కాబట్టి ఈ రెండింటి మధ్య దూరం ఊహించినదానికంటే పెద్దదే.

దీనికి వ్యాపార భాగస్వాములు వాడే ఒక పద్ధతి పనికొస్తుంది. ఒకరు ధర చెబుతారు. ఆ ధరకు కొనాలా, అమ్మాలా అన్నది రెండోవారు ఎంచుకుంటారు. ఎటు పడుతుందో తెలియదు కాబట్టి ధర చెప్పేవాళ్లు తక్కువా చెప్పలేరు, ఎక్కువా చెప్పలేరు. లోపం ఒక్కటే. చేతిలో డబ్బు లేని మనిషికి కొనే అవకాశం పేరుకే ఉంటుంది, ఎదుటివాళ్లకు ఆ సంగతి తెలిస్తే ధర కిందికి లాగుతారు. డబ్బు సర్దుకోవడానికి రెండు నెలల గడువో, వాయిదాల్లో కట్టే వీలో పెడితే ఆ లోపం చాలావరకు తగ్గుతుంది. ఇద్దరూ కొనలేకపోతే బయటివాళ్లకు అమ్మి, అప్పు తీర్చి, మిగిలింది పెట్టుబడి ప్రకారం పంచుకోవాలి.

ధర కుదిరి డబ్బు చేతులు మారాక కూడా ఒక పని మిగులుతుంది. రిజిస్ట్రేషన్ మీద పేరు, ఇన్సూరెన్స్ మీద పేరు, అప్పు మీద సంతకం, మూడూ మారే దాకా తప్పుకున్న మనిషి నిజంగా తప్పుకున్నట్టు కాదు. అప్పు మీద సంతకం తీసేయడానికి బ్యాంకు ఒప్పుకోవాలి, చాలాసార్లు పాత అప్పు తీర్చి కొత్తది తీసుకుంటే తప్ప ఒప్పుకోదు. రెండో తాళం చెవిని ఆ మూడు కాగితాలూ మారాకే ఇవ్వడం మంచిది.